చివరి పావుగంట

మా ఆయన ఫరూక్ బీరువా మీదనుంచి ఆ క్యాసెట్టు దించి, డబ్బా మీద తన చేత్తోనే రాసిన పేరు పైకి చదివాడు.

"జాన్ సైదా చిన్నాన్న పెళ్ళి, రెండో భాగం."

వచ్చిన ఇద్దరూ పగలబడి నవ్వారు. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"మంచి సరుకు మీద అసలు పేరు రాస్తే ఎవడో ఒకడు ఎత్తుకుపోతాడన్నా. మా చిన్నాన్న పెళ్ళి ఎవడిక్కావాలి?" అన్నాడు మా ఆయన.

నిజమే, ఎవరికీ అక్కర్లేదు. అందుకే నాలుగేళ్ళ కిందట నేను దాని మీద నా ప్రోగ్రాం రికార్డు చేసుకున్నాను.

అది రెండువేల ఏడు, ఆదివారం, పొద్దున పదకొండు గంటలు. తెనాలిలో మా వీధి వీధంతా డీవీడీలు కొంటుంటే, మా ఇంట్లో మాత్రం నూటనలభై వీడియో క్యాసెట్లు, అన్నీ తొంభైల నాటి దయ్యాలవీ, హత్యలవీ. ఈ ఇంట్లో బతికున్నవాళ్ళు ఇద్దరు, చచ్చినవాళ్ళు లెక్కలేనంతమంది అని మా అమ్మ గౌస్ బీ వచ్చినప్పుడల్లా దెప్పిపోతుంది. వాటిని ఆడించే వీసీఆర్ కూడా చావుకి సిద్ధంగా ఉంది. ఏ క్యాసెట్టు పెట్టినా నమిలేస్తోంది. బాగుచేయిద్దామంటే విడిభాగాలు ఎక్కడా దొరకవు.

బాపట్లలో రేడియోలు, టీవీలు బాగుచేసే సంజీవరావుగారికీ ఇదే పిచ్చి. ఆయన దగ్గర మంచి వీసీఆర్లు రెండున్నాయి. ఒకటి సంచిలో పెట్టుకుని తెచ్చారు. మా ఆయన ఆ పెళ్ళి పేరుతో దాచిన ముసుగు సినిమా ఆయనకిస్తే, ఆ వీసీఆర్ మాకు. ఒక్కటి వదులుకుంటే మిగతావన్నీ బతుకుతాయని మా ఆయన నెలరోజులు మథనపడి ఒప్పుకున్నాడు. షరతు ఒక్కటే, సినిమా చివరిదాకా చూసి నమ్మకం కుదిరాకే మార్పిడి. సాక్షిగా రేపల్లె నుంచి యాకోబన్న వచ్చాడు. ఒకప్పుడు అక్కడ వీడియో లైబ్రరీ నడిపిన మనిషి.

ఆ సినిమాకి అసలు పేరు వేరే ఉంది. హంతకుడు తలకి గోనెసంచి తొడుక్కుంటాడు కాబట్టి వీళ్ళంతా ముసుగు సినిమా అంటారు. హాల్లో వారం ఆడి వీడియోలోకి వచ్చేసింది. లైబ్రరీలవాళ్ళు పిసినారితనానికి పోయి రెండు గంటల క్యాసెట్ల మీద ఎక్కించారు. సినిమా చూస్తే రెండుంపావు గంటలు. ముసుగు తీసే ఆ చివరి పావుగంట ఎవరి దగ్గరా లేదు, మూడు గంటల క్యాసెట్టు మీద ఎక్కించుకున్న మా ఆయన దగ్గర తప్ప. ఆ ముక్క అరిగిపోకూడదని, ఎప్పుడు చూసినా ముసుగు మీద చెయ్యి పడగానే ఆపేసి, వెనక్కి తిప్పకుండా అలాగే డబ్బాలో పెట్టేవాడట. ఈ సంగతి వాళ్ళిద్దరికీ గొప్పగా చెబుతుంటే విన్నాను. నేను చేసిన పని నాకు పూర్తిగా అర్థమైంది అప్పుడే.

నాలుగేళ్ళ కిందట మా ఊరి కేబుల్ చానల్‌వాళ్ళు ఆడవాళ్ళ చేతిపనుల కార్యక్రమానికి నన్ను పిలిచారు. చట్రానికి గుడ్డ బిగించి ఇరవై నిమిషాలు మగ్గం వర్కు చూపించాను. బుధవారం మూడింటికి వేస్తామన్నారు. మా ఆయనకి వారం ముందే చెప్పాను. "అలాగా" అన్నాడు. ఆ బుధవారం సూర్యలంకలో ఎవరో పాత క్యాసెట్లు వదిలించుకుంటున్నారని తెలిసి అటు పోయాడు. నా నిఖాకి మా నాన్న వీడియో వద్దన్నాడు. నేను కదులుతూ మాట్లాడుతూ ఉన్న బొమ్మ ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. ఇంట్లో ఖాళీ క్యాసెట్టూ లేదు. మూడు కావడానికి ఐదు నిమిషాలుంది. జాన్ సైదా చిన్నాన్న పెళ్ళి కనబడింది. మొదటి భాగం ఎక్కడుందని నేనెప్పుడూ అడగలేదు. ఆ పెళ్ళిలో నన్ను భోజనాల దగ్గర చిన్నపిల్లలతో కూర్చోబెట్టారు, ఆ కోపం ఎటూ ఉంది. లోపల పెట్టి, ఎక్కడుంటే అక్కడినుంచి రికార్డు నొక్కేశాను.

క్యాసెట్టు వెనకాల ఉండే చిన్న ముక్క విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదనీ, ఆ కంతకి సెల్లోటేపు అంటిస్తే అవుతుందనీ నాకు నేర్పింది ఆయనే. అలాగే అంటించి, పని అయ్యాక సెల్లోటేపు పీకేసి, డబ్బా ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆ సినిమాల్లో హంతకులు కూడా అంత జాగ్రత్తగా ఉండరు. ప్రోగ్రాం ఎలా వచ్చిందని ఆయన అడిగితే చూపిద్దామనుకున్నాను. అడగలేదు. నాకూ పంతం పెరిగింది. ఈలోపు వీసీఆర్ నమలడం మొదలుపెట్టింది, ఆయన ఆ క్యాసెట్టు జోలికే పోలేదు.

సంజీవరావుగారు తెచ్చిన వీసీఆర్‌లో సినిమా మొదలైంది. తెర మీద గీతలు పాకుతున్నాయి. ఆ గీతల్ని చూసి కూడా మురిసిపోయారు ముగ్గురూ.

"సీడీల్లో భయం కూడా ఉతికి ఆరేసినట్టుంటుంది," అన్నాడు యాకోబన్న. "అప్పట్లో టీవీ, వీసీఆర్ రిక్షాలో వేసి పంపేవాణ్ణి. వీధంతా ఒక్క గదిలో కూర్చునేవాళ్ళు. పొద్దున్నే క్యాసెట్టు తిరిగిచ్చేటప్పుడు మొహం చూసి, ఎక్కడ ఆపేశారో చెప్పేసేవాణ్ణి."

మా ఆయన మొహం వెలిగిపోతోంది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నేనది చూడలేదు. 

"ఏవండీ, ఒకసారి ఇటు రండి," అన్నాను వంటింట్లోంచి.

"తర్వాత ముబీనా, తర్వాత," అని చెయ్యి ఊపాడు.

పన్నెండింటికి రెండో పిల్ల చచ్చింది. ఒంటిగంటకి నాలుగోవాడు బావిలో తేలాడు. దమ్ము మీద పెట్టిన బిర్యానీ దించేశాను.

"వడ్డించేస్తానండి, చల్లారిపోతుంది," అన్నాను.

"ముసుగు తీశాక తింటామమ్మాయ్," అన్నారు సంజీవరావుగారు. "పదేళ్ళుగా ఆగాను. పావుగంటకి ఏమైపోతుంది?"

 వరండాలోకి వెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాను.

లోపల చప్పుడు ఆగిపోయింది. "కరెంటు పోయినట్టుంది," అన్నాడు యాకోబన్న. "పక్కింట్లో మిక్సీ తిరుగుతోందే," అన్నారు సంజీవరావుగారు. మా ఆయన కుర్చీ జరిపిన శబ్దం వినబడింది. భయపడి స్విచ్ మళ్ళీ పైకి నెట్టేశాను. నాకు దక్కింది రెండే నిమిషాలు. ఈ పని నావల్ల కాదని తెలుసుకోవడానికి అవి చాలు.

చున్నీ నెత్తిమీదికి లాక్కుని ఆ గదిలోకి వెళ్ళి, టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇంక పెట్టకండి. ఇక ముందు సినిమా లేదు. పెళ్ళి క్యాసెట్టనుకుని దాని మీద నేను వేరేది రికార్డు చేశాను."

మా ఆయన ముందు నవ్వాడు. నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఇదేంటి ఫరూక్?" అన్నారు సంజీవరావుగారు. "ఇవ్వడం ఇష్టం లేకపోతే ఫోన్లోనే చెప్పాల్సింది. ఆ అమ్మాయి చేత చెప్పించడం దేనికి?"

"ఒట్టు అన్నా. నాకేం తెలీదు."

"అయితే పక్కకి జరుగమ్మా. చూద్దాం."

జరిగాను. యాకోబన్న మళ్ళీ ప్లే నొక్కాడు. హంతకుడి చేతిలో కొడవలి జారి కింద పడింది. మూల నక్కిన పిల్ల వణుకుతూ లేచి గోనెసంచి అంచు పట్టుకుంది. మా ఆయన ఎప్పుడూ ఆపే చోటు అదే అయుండాలి, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. గోనెసంచి గడ్డం దాకా లేచింది. బొమ్మ అడ్డంగా చీలి, తెల్లగా ఊగి, నిలబడింది. ముసుగు కిందనుంచి బయటికొచ్చింది నా ముఖం.

ఆకుపచ్చ చున్నీ, చేతిలో సూది, పళ్ళన్నీ కనబడే నవ్వు. "నమస్కారమండి, నా పేరు ముబీనా," అంటున్నాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

యాకోబన్న మా ఆయన వైపు తిరిగి అన్నాడు, "పోనీ, చంపిందెవరో నోటితోనన్నా చెప్పు ఫరూక్. నువ్వు చూశావుగా."

"ఒక్కసారే చూశానన్నా. తొంభై ఆరులో." అన్నాడు మా ఆయన. "ముఖం గుర్తులేదు. ఇవాళ మీతో కలిసి చూద్దామనే..."

ఆ మాట విన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. నాలుగేళ్ళ పంతం ఎటు పోయిందో తెలీదు.  

సంజీవరావుగారు సంచి తీసుకుని లేచారు. "రెండున్నర బండి అందుకుంటాను," అని గోడ దగ్గరికెళ్ళి ప్లగ్గు మీద చెయ్యి వేశారు.

"ఉంచండి అన్నా," అన్నాడు మా ఆయన. "అది అయిపోయాక తీసుకెళ్దురు గాని. మాదాంట్లో పెడితే నమిలేస్తుంది."

సంజీవరావుగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. చెయ్యి తీసేసి, సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచు మీద కూర్చున్నారు.

మా ఆయన కుర్చీ దిగి టీవీ ముందు నేలమీద కూర్చున్నాడు. కొంతసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే, కోపం తగ్గని గొంతుతో అడిగాడు.

"ఆ రెండో చేత్తో కిందనుంచి ఏం చేస్తున్నావ్? గుడ్డ అడ్డమొచ్చి కనబడట్లేదు."



"దారం అందిస్తున్నానండి," అన్నాను.