నాణెం అంచున దారం గీత

నాణేల దుకాణం కింద, ఆమె ఇల్లు పైన. మధ్యలో పద్దెనిమిది మెట్లు. రోజూ పదకొండింటికి ఆమె ఆ మెట్లు దిగి వస్తుంది. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడని గొంతు కాబట్టి గుమ్మం దగ్గర ఒకసారి దగ్గి సవరించుకుంటుంది. దుకాణదారు తల ఎత్తకుండానే అంటాడు:

"రండి పిన్నిగారూ, దొంగలు మీ కోసమే వరసలో నిలబడ్డారు."

దొంగలంటే మనుషులు కాదు, నకిలీవేమోనని అనుమానమున్న నాణేలు. అతను పాత నాణేలను ఆన్‌లైన్ వేలాల్లో కొంటాడు. పాట పెట్టే ముందు ఫొటోలు టాబ్లెట్‌లో పెద్దవి చేసి ఆమెకు చూపిస్తాడు. ఆమె బడికి వెళ్ళిన మనిషి కాదు. అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట, భర్త పోయాక. కానీ ఆ భర్త నగిషీ పనివాడు. ఉంగరాల మీద పేర్లు, తలుపు పలకల మీద పేర్లు, బహుమతి కప్పుల మీద సంవత్సరాలు ఆయన చెక్కితే, ముప్పై నాలుగేళ్ళు మెరుగు పెట్టింది ఆమె. లోహం మీద ఉలి తగిలిన చోటు ఆమె కళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

"నాణెం సంగతి తర్వాత, ముందు ఫొటో తీసినవాణ్ణి చూడు" అంటుంది ఆమె అతనితో. "అంతా తేటగా తీసి సంవత్సరం దగ్గరే మసక వచ్చిందంటే వాడి చెయ్యి వణకలేదు, వాడి మనసు వణికింది."

ఆమె చెప్పిన మాట ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. అందుకే ఆమె కాదంటే అతను మళ్ళీ ఆ నాణెం వైపు చూడడు. అవునంటే ఇంకెవరినీ అడగడు.

ఆ రోజు అతను ముందు టాబ్లెట్ తియ్యలేదు. తన సొంత ఆల్బమ్ తెరిచాడు. ఒక పేజీలో వరసగా వెండి నాణేలు, మధ్యలో ఒక గుండ్రని ఖాళీ.

"పదకొండేళ్ళు పిన్నిగారూ. పన్నూడిన తాతలాగా నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. చివర మూడు ఉన్న సంవత్సరం. ఆ ఏడాది ముద్రించినవి చాలా తక్కువ, అందులో కరిగించినవి పోగా మిగిలినవి మరీ తక్కువ. ఇప్పుడొకటి వేలానికి వచ్చింది. రేపు నాలుగింటికి మూసేస్తారు. నా మోటారు సైకిలు అమ్మేసైనా పాడేస్తాను."

"అయితే రేపటి నుంచి నడకన్నమాట."

"డాక్టరు ఎలాగూ నడవమన్నాడు. చూడండి, తూకం ఫొటో కూడా పెట్టాడు, గ్రాములతో సహా సరిపోయింది."

"అంకె మార్చిన నాణేనికి తూకం ఎందుకు తప్పుతుందోయ్? మనిషి పేరు మార్చుకుంటే బరువు తగ్గుతాడా?"

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వుతూనే టాబ్లెట్ దగ్గరికి లాక్కుంది. రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేసింది.

ముందు అంచు చూసింది. నల్లబడిన వెండి మీద అంచుకు అడ్డంగా వెంట్రుకంత సన్నటి తెల్లటి గీత. గీతలా ఉంది గానీ గీరినది కాదు. అక్కడ నలుపు పట్టలేదంతే.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. తర్వాత నెమ్మదిగా సంవత్సరం వైపు జరిపింది. చివరి మూడు. కింది తోక లావుగా మొదలై, చిన్న కొక్కెంలా లోపలికి తిరిగి, పైకి పోయేకొద్దీ సన్నబడింది. పక్కన వెండి గోటితో నొక్కినట్టు ఇసుమంత పల్లంగా ఉంది.

"ఏమంటారు?"

"రేపు చెబుతాను" అంది ఆమె. ఆ దుకాణంలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

పైకి వచ్చి తలుపు వేసుకుంది. కిటికీ కింద పనిబల్ల, దాని ముందు రెండు పీటలు. రాలే వెండి పొడి పట్టడానికి బల్ల కింద కట్టిన తోలు ఇంకా అలాగే ఉంది. నాలుగేళ్ళుగా దాని మీద ఒక్క రజనూ రాలలేదు. అయినా ఆమె శనివారం శనివారం విప్పి దులుపుతుంది.

అది ముప్పై ఏళ్ళ కిందటి చలికాలం. చేతిలో పని లేదు, ఇంట్లో బొగ్గు లేదు. పొడుగు కోటు మనిషి ఒకడు వచ్చి, చివర ఎనిమిది ఉన్న వెండి నాణెం బల్ల మీద పెట్టాడు. ఎనిమిదిని మూడు చెయ్యమన్నాడు. ప్రదర్శనలో నమూనాగా పెడతామన్నాడు. ఆమె భర్త ఎడమచేతివాటం మనిషి. అంకెలు ఎప్పుడూ కింది నుంచి పైకి చెక్కేవాడు. ఎనిమిదికి ఎడమ వైపు రెండు గోడలూ పడగొట్టి, తోకను తన తీరులో దిద్దాడు. కొత్తగా కోసిన చోటు తళతళలాడుతోంటే, దాన్ని నల్లబరిచే పని ఆమె చేసింది. ఉడికించిన గుడ్డు పచ్చసొన సీసాలో వేసి, నాణేన్ని దారంతో కట్టి, మూడు రోజులు మూతపెట్టి వేలాడదీసింది. విప్పి చూస్తే దారం ఉన్న చోట నలుపు పట్టలేదు. ఆయనకు చూపించలేదు, బొటనవేలు అడ్డం పెట్టి ఇచ్చేసింది.

నమూనాకు నలుపెందుకని ఆ రోజు ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఆ డబ్బుతో బొగ్గు వచ్చింది, గది వెచ్చబడింది. అది చాలింది.

వసంతంలో తెలిసింది, ఆ నాణేన్ని అసలుదని అమ్మేశారని. ఆయన కోటు మనిషి కోసం మూడు ఊళ్ళు తిరిగాడు, దొరకలేదు. మళ్ళీ జీవితంలో ఎవరి నాణేన్నీ ముట్టుకోలేదు. ఆఖరి జబ్బులో కూడా, కిటికీ వైపు తిరిగి పడుకుని, "అది ఎవరి కొంపకు చేరిందో" అనేవాడు. ఏది అని ఆమె అడిగేది కాదు.

ఆయన చేసినవన్నీ ఊళ్ళోవాళ్ళ వేళ్ళకూ తలుపులకూ వెళ్ళిపోయాయి. ఆమె దగ్గర ఒక్కటీ మిగల్లేదు. చదువు వచ్చాక వీధి వీధీ తిరిగి ఆయన చెక్కిన తలుపు పలకలు వెతికి చదువుకుంది. తన చేత్తో తోమిన పేర్లు అవి. అప్పుడు ఆమెకు ఉత్త గీతలు. జనం ప్లాస్టిక్ పలకలకు మారిపోతున్నారు. ఇప్పటికి ఏడే మిగిలాయి.

ఇప్పుడు ఈ నాణెం వచ్చింది. "బాగుంది" అని ఒక్క మాట అంటే చాలు. అతను కొంటాడు. తన కాళ్ళ కింద, పద్దెనిమిది మెట్ల దూరంలో ఉంటుంది. రోజూ పదకొండింటికి అరచేతిలో పెట్టుకోవచ్చు. ఆయన చెయ్యీ తన చెయ్యీ కలిసిన వస్తువుల్లో తన చేతికి అందేది ఈ లోకంలో అదొక్కటే. అతనికి ఎప్పటికీ తెలియదు. తన మాట ఉండగా ఇంకొకరికి చూపించడు కదా.

ఆ రాత్రి ఆమె నిద్రపోయిందో లేదో గానీ, మర్నాడు పదకొండింటికి రాలేదు, మధ్యాహ్నం మూడు గంటలకు మెట్లు దిగింది. గుమ్మం దగ్గర దగ్గడం మరిచిపోయింది.

"చెప్పండి పిన్నిగారూ, పెళ్ళా, శ్రాద్ధమా?"

"బాగుంది" అంది ఆమె.

అతను కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. ఆల్బమ్ తెరిచి ఖాళీ మీద ఊది దుమ్ము దులిపాడు. అక్కడ దుమ్మేమీ లేదు.

"ఇంకో నిపుణుణ్ణి అడగమన్నాడు మా బావమరిది. అడిగేవాణ్ణే, మీరు లేకపోతే. మీకు అబద్ధం చెప్పడం చేతకాదని వాడికేం తెలుసు!" అంటూ అంకెలు నొక్కడం మొదలుపెట్టాడు.

ఆమె అతని వేలు చూసింది. ఖాళీని చూసింది. ఎవరి కొంపకు చేరిందో అన్న గొంతు కిటికీ వైపు నుంచి వినబడినట్టయింది. ఇదిగో, ఈ కొంపకే చేరబోతోంది.

"ఆగు నాయనా. అది ఎనిమిది."

"ఏది?"

"ఆ మూడు. మా ఆయన చేసింది. నలుపు నేను పెట్టాను."

అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆమె మొత్తం చెప్పింది. కోటు మనిషి, పచ్చసొన, దారం. చెబుతున్నంత సేపూ బల్ల మీది భూతద్దాన్ని కొంగుతో తుడుస్తూనే ఉంది. అతను ఫొటోను పెద్దది చేసి అంచు చూశాడు, మూడును చూశాడు. తర్వాత అడిగాడు:

"మరి ఇందాక బాగుందన్నారేం?"

"రోజూ చూసుకోవచ్చని."

అతను ఆల్బమ్ మూసేశాడు. కోపం వచ్చినట్టే ఉంది. కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తోచనట్టూ ఉంది.

"సరే. నేను పాడను. అక్కడితో సరి. ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆయన చేసిన పని గురించి ఈ వీధిలో ఒక్కరూ చెడ్డమాట అనరు. ఇప్పుడెందుకు?"

"ఎంతమంది కాచుకుని ఉన్నారు దాని మీద?"

అతను చూసి చెప్పాడు. "ఇరవై ముగ్గురు."

"వాళ్ళలో ఒకడికైనా ఆల్బమ్‌లో ఖాళీ ఉంటుంది కదా. కాగితం ఇలా ఇవ్వు."

వేలం వాళ్ళకు ఫిర్యాదు పంపవచ్చు. ఎలా తెలుసో రాయాలి. టైపు చేస్తానన్నాడు అతను. ఆమె ఒప్పుకోలేదు, తన చేత్తోనే రాస్తానంది. నాలుగు వాక్యాలకు ఇరవై నిమిషాలు పట్టింది. ముందు ఆ నాణెం సంవత్సరం అంకెల్లో వేసింది. చివరి అంకెను మార్చింది నా భర్త, నల్లబరిచింది నేను, అంచున నా దారం గుర్తు ఉంది చూడండి. కింద సంతకం. అతను దాన్ని ఫొటో తీసి పంపాడు.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా తెర మీద నాణెం పోయింది. ఆ చోట ఒక వాక్యం వచ్చింది. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది: ఈ వస్తువును తొలగించాము.

"మరి ఆ ఫొటోలు?" అంది ఆమె.

"అవీ పోతాయి పిన్నిగారూ. నాకు ముందు తట్టలేదు. దాచి ఉండాల్సింది."

"నాకూ తట్టలేదులే."

గోడ గడియారం నాలుగు కొట్టింది. ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు అతను ఆమె రాసిన కాగితం అందుకున్నాడు. అలవాటు కొద్దీ భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. సంవత్సరం దగ్గర ఆగిపోయాడు.

"ఈ మూడు కింది నుంచి రాశారా?"

"పంతులమ్మ కూడా తిట్టేది. ఏడాది పాటు దిద్దించింది, మారలేదు. అక్షరాలు ఆవిడ దగ్గర నేర్చుకున్నాను గానీ, అంకెలు అంతకు ముందే వచ్చు. బల్ల దగ్గర ఆయన నేర్పినవే."

అతను కాగితాన్ని ఆమె వైపు తిప్పి భూతద్దం చేతికిచ్చాడు. లావుగా మొదలైన తోక, లోపలికి తిరిగిన చిన్న కొక్కెం, పైకి పోయేకొద్దీ సన్నబడిన గీత. ఆమె చూసింది. ఇన్నేళ్ళుగా పాల చీటీల మీదా కరెంటు కాగితాల మీదా రాస్తూనే ఉంది, ఎప్పుడూ చూసుకోలేదు.

"రేపు పదకొండింటికి వస్తారుగా?" అన్నాడు అతను, వేరే వైపు చూస్తూ.

"దొంగలుంటే వస్తాను."

కాగితం మడిచి చేతిలో పట్టుకుని పద్దెనిమిది మెట్లూ ఎక్కింది. గదిలో వెలుతురు తగ్గుతోంది. పనిబల్ల దీపం వెలిగించి, తన పీట మీద కాకుండా ఆయన పీట మీద కూర్చుంది. పక్కన రెండో పీట ఖాళీగా ఉంది. పెన్సిల్ తీసి ఒక మూడు రాసింది, కింది నుంచి పైకి.