మున్నీ బీ చుట్టుగీత

సాయంత్రపు ఎండ గోడ మీద ఏటవాలుగా పడింది. నాపరాయి పలక మీద పేరు కదిలినట్టయింది.

కదల్లేదు. ఆ అక్షరాలే అలా ఉన్నాయి — కుడివైపుకు వంగి, ఎదురుగాలిలో సైకిలు తొక్కే మనిషిలా.

అక్షరాల లోపల ఖాళీ. చుట్టూ గీత మాత్రమే. ఆ గీతల మధ్య ఎడం ఒకచోట వెంట్రుకంత, ఒకచోట వేలంత. ప్రతి కొసకూ ఒక చిన్న మడమ.

సుప్రజ కర్నూలులో ఉంటుంది. పెళ్లిపత్రికలకు, సినిమా పేర్లకు కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్లు గీస్తుంది. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం బేతంచెర్ల వస్తోంది. ఇది ముప్పై ఏడో ఇల్లు. అన్నిటి మీదా అదే చెయ్యి.

ఎవరిది?

హజరత్ వలిది అన్నారు ఇంటివాళ్లు. స్టేషన్ దగ్గర టీకొట్టులోనూ అదే మాట. ముప్పై ఏళ్లు ఉలి పట్టి, ఈమధ్యే మానేసిన మనిషి.

ఆ అక్షరాలతో గీస్తున్న కొత్త ఫాంటుకు ఆమె పేరు పెట్టేసింది — హజరత్.

తర్వాతి ఆదివారం పొద్దున ఆయన ఇంటికి వెళ్లింది. ఫోన్‌లో అక్షరాలు చూపించింది. పెట్టిన పేరు చెప్పింది.

ఆయన ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. వంటింటి గుమ్మంలో భార్య మున్నీ బీ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

ముప్పై ఏళ్లు ఊరు ఆయన్ను పొగిడింది. ముప్పై ఏళ్లు ఆయన కాదనలేదు.

"నేను కొట్టింది రాయి పాపా," అన్నాడు చివరికి. "గీత ఆమెది. ఆమెనడుగు."

చాటలో చెయ్యి ఆగింది.



సుప్రజ లేచి వెళ్లి మున్నీ బీ పక్కన కూర్చుంది. అక్షరాన్ని నింపకుండా చుట్టూ ఎందుకు గీశారని అడిగింది.

"నాకు సదువు రాదు పాపా. పేరు చీటీ మీద రాసిచ్చేటోళ్లు. లోపలేముండాదో నాకేం తెలుసు? అంచు పట్టుకోని చుట్టూ తిరిగొస్తాంటి."

"మరి ఆ వాలు?"

"రాయికి ఎదురుగా ఆయప్ప కూచ్చునేటోడు," మున్నీ బీ భర్త వైపు గడ్డంతో చూపించింది. " నాకు పక్కన సందు. ఆ సందులోంచి గీస్తే వాలదా?"

ఇంతకాలం సుప్రజ అది అందం కోసమనుకుంది.

ఇప్పుడు మున్నీ బీకే కుతూహలం పుట్టింది. "ఈ అచ్చరాలతో ఎవురైనా ఏమైనా రాసుకోవచ్చునా?"

"రాసుకోవచ్చమ్మా."

"తిట్లు గూడా?"

"తిట్లు కూడా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. హజరత్ వలి నవ్వలేదు. తర్వాత నవ్వాడు.

సుప్రజ ఫోన్‌లో హజరత్ అన్న పేరు చెరిపేసింది. కొత్తది రాయబోతే మున్నీ బీ చెయ్యి పట్టుకుంది.

"ఆగు పాపా. ఆయప్ప కొట్టకుంటే నా గీత వానకు పోయేదే గదా."

పేరు చోటు ఖాళీగానే ఉండిపోయింది.

ఇంకొకటి కూడా మిగిలింది. ఒక్క అక్షరం — ఢ. ఏ ఇంటి గోడ మీదా దొరకలేదు. సుప్రజ గూట్లోని సుద్దముక్క తీసి నేల బండల మీద రాసి చూపించింది.

"ఇది ఎవురి పేర్లో ఉంటాది?"

సుప్రజ ఆలోచించింది. ఒక్కరూ గుర్తుకు రాలేదు. అదే చెప్పింది.

"అయ్యో," అంది మున్నీ బీ, ఆ అక్షరాన్నే చూస్తూ. చాట పక్కన పెట్టింది. సుద్దముక్క తీసుకుంది. అటునుంచి చూసింది, ఇటునుంచి చూసింది. హజరత్ వలి మంచం దిగి వచ్చి, ఎదురుగా కాకుండా పక్కకు జరిగి కూర్చున్నాడు.

అందరూ అక్షరం మధ్య గుండ్రం దగ్గర మొదలుపెడతారు. ఆమె మొదలుపెట్టలేదు. కింద వేలాడే ఒత్తు కొసన సుద్ద ఆనించింది...

బండ మీద సుద్ద కీచుమంది. మెల్లగా, ఎటు పోవాలో వెతుక్కుంటూ, కదిలింది —