రెండు చేతుల తీర్మానం

ఉప్మా రవ్వ మాడకుండా వేగాలంటే గరిటె ఆపకూడదు. సుకుమారి ఆపడం లేదు. ఆత్మకూరులో ఆమె కాపురముంటున్న అద్దె ఇంటి ముందు హాలే తెలుగు శ్రమజీవి పక్షానికి ఆఫీసు. ఆదివారం మీటింగు పడిందంటే ఆమెకు చర్చి లేదు, పాట లేదు, ప్రార్థన లేదు, పొయ్యి ఒక్కటే ఉంటుంది. అలాంటి వేళ మొగుడు డేవిడ్‌రాజు వంటింటి గడపలో నిలబడి, నవ్వు ఆపుకోలేక, "ఏమే, నీకు పదవి వచ్చినాది" అన్నాడు.

గరిటె ఆగింది.

"నాకా?"

"నీకే. కార్పొరేషన్ డైరెక్టరు. కూటమిలో మన పార్టీ వాటాకి ఒకటి ఇచ్చినారు. పెంచలప్రసాదన్న నీ పేరే రాసినాడు. ఆడవాళ్లకి రిజర్వు అయిన పోస్టది, నా పేరు పెట్టేదానికి లేదు. నువ్వేం తలనొప్పి పెట్టుకోబాక. సంతకం పెట్టు, చాలు. మిగతాది నేను చూసుకుంటా. రవ్వ మాడతా ఉండాది చూడు."

మాడిపోనీ అనుకుంది. పైకి అనలేదు, మళ్లీ కలపడం మొదలుపెట్టింది. అయినా లోపల ఎక్కడో చిన్న సంతోషం పుట్టిన మాట నిజం. ఇన్నేళ్లకు తన పేరు ఒక కాగితం మీదికి ఎక్కింది కదా!

ఆ పార్టీలో అందరూ సహచరులే. కామ్రేడ్ అంటే పరాయి మాటని ఆ పిలుపు పెట్టుకున్నారు. తెలుగు జాతి, తెలుగు నేల, ఆ నేల మీద చెమటోడ్చేవాళ్లకే హక్కు. ఇదీ వాళ్ల సిద్ధాంతం. చెడ్డదేమీ కాదు. సుకుమారి కూడా ఇష్టపడే అందులోకి వచ్చింది. ఎటొచ్చీ మగాళ్లందరూ ఒకరికొకరు సహచరులు, ఆమె మాత్రం అందరికీ వదిన. "వదినా, ఇంకో టీ." "వదినా, మజ్జిగుందా?" వదిన ఓటు ఎటని ఒక్క సహచరుడూ అడిగిన పాపాన పోలేదు.

అడిగే పని లేకుండా ఒక ఏర్పాటు చేసుకున్నారు మరి. ఉదయగిరిలో పార్టీ పుట్టిన కొత్తలో, చంటిబిడ్డల్ని చంకనేసుకుని ఆడవాళ్లు మీటింగులకు రాలేరు గదా, వాళ్లకూ ఓటుండాలని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. తీర్మానం చదివాక పెళ్లయిన మగాడు రెండు చేతులూ ఎత్తొచ్చు. కుడి చెయ్యి అతనిది, ఎడమ చెయ్యి పెళ్లానిది. ఈ సంగతి విని కొత్త కోడలు సుకుమారి మురిసిపోయింది. ఏ పార్టీలో ఉందిలే ఇంత మర్యాద! అప్పట్లో డేవిడ్‌రాజు మీటింగుకు పోయేముందు "నీ చెయ్యి ఎత్తేదా, దించేదా?" అని అడిగేవాడు కూడా. ఒకసారి ఆమె వద్దంటే ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. తర్వాత్తర్వాత అడగడం మానేశాడు. చెయ్యి ఎత్తడం మాత్రం మానలేదు. ఉదయగిరి ఓబులయ్య ఒక్కడే, భార్య పోయిన నాటినుంచి ఒక్క చెయ్యే ఎత్తుతాడు.

హాల్లోంచి పెంచలప్రసాద్ గొంతు వినబడింది. ఆయన పార్టీ రాష్ట్ర కార్యదర్శి, పెద్ద కమతమున్న ఇంటివాడు, మెత్తగా మాట్లాడతాడు. "కూటమి ధర్మం అని ఒకటుంటాది సహచరులారా. మనకుండేది ఇద్దరు ఎమ్మెల్యేలు. ప్రతిదానికీ అడ్డం పడితే బయట పెడతారు. సీతారామపురం పైన ఆ గడ్డిబీడును సోలార్ కంపెనీకి ఇస్తామంటా ఉండారు. మాకు అభ్యంతరం లేదని మనం ఒక తీర్మానం పంపిస్తే చాలు."

ఆ బీడు సుకుమారి పుట్టిన ఊరిది. వాళ్లమ్మ రాహేలమ్మ ఇవాళ్టికీ మేకల్ని తోలుకుపోయేది అక్కడికే. వానలు మొహం చాటేసిన ఏడు సగం ఊరు బెంగళూరు పనులకు పోతే, మిగిలిన ఆడవాళ్లు ఆ గడ్డిని నమ్ముకునే బతికారు. ముందున్న ప్రభుత్వం దాన్ని ఎవరికో కట్టబెట్టబోతే అడ్డంగా కూర్చున్నదీ ఆడవాళ్లే, వాళ్లను కూడగట్టింది సుకుమారే. కుడి భుజం మీద లాఠీ పడింది. ఇప్పటికీ ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు, తల దువ్వుకోవాలంటే మెడ వంచాలి. కింద పడిపోయిన ఆమె ఫోటో పేపర్లో వచ్చింది. దాని కింద "డేవిడ్‌రాజు సతీమణి" అని వేశారు. ఎన్నికల్లో ఆ ఫోటోనే పోస్టరు చేసి పార్టీ ఊరూరా అంటించింది.

ఇవాళ మీటింగు సభ్యత్వాల గురించని చెప్పాడు మొగుడు. పదవి ఎందుకు వచ్చిందో సుకుమారికి ఇప్పుడర్థమైంది. తన నోరు మూయించడానికి ఇచ్చారు, మూసుకున్నానని సంతకం కూడా తనే పెట్టాలి. ఇందాక మురిసిపోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఒళ్లు భగ్గున మండింది.

డేవిడ్‌రాజు మళ్లీ వచ్చాడు. "టీ అయిందా?"

"అది మా అమ్మోళ్ల బీడు గదా?"

"ఇప్పుడా పంచాయితీ పెట్టబాక. మీ అమ్మని ఈడికే తెచ్చుకుందాంలే."

"మేకల్ని కూడానా? ఊళ్లో మిగతా ఆడోళ్లనో?" ఆమె స్టవ్ ఆపేసింది. "నా చెయ్యి ఏం చేస్తావు?"

అతనికి నిజంగానే అర్థం కాలేదు. "నీ చెయ్యేంది? ఓబులయ్య అడ్డం తిరిగినాడు, కుర్రోళ్లు ఆయన ఎనకుండారు. అటూ ఇటుగా ఉండాది. ప్రతి చెయ్యీ కావాల. రాజకీయాలు నీకు తెలవ్వు, టీ తే" అని వెళ్లిపోయాడు.

మూల కూర్చుని వెల్లుల్లి వొలుస్తున్న అత్త లిదియమ్మ తల కూడా ఎత్తలేదు. "మొగుడెత్తితే నువ్వెత్తినట్టే గదమ్మా. మీ మామ ఎట్ట ఎత్తినాడో నేను ఏనాడన్నా అడిగినానా?"

"అడగలేదు. అందుకే మామ తీసకపోయిన నీ కమ్మలు ఏమైపోయినాయో కూడా నీకు తెలవదు అత్తా."

లిదియమ్మ చేతులు ఆగిపోయాయి. బోసి చెవి ఒకసారి తడుముకుంది.

సుకుమారి కెటిల్, గ్లాసుల ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్లేసరికి తీర్మానం చదవడం పూర్తయింది. "అనుకూలమైనోళ్లు చేతులెత్తండి" అన్నాడు పెంచలప్రసాద్. చేతులు జంటలు జంటలుగా లేచాయి. డేవిడ్‌రాజు రెండు చేతులూ ఎత్తాడు. ఎడమ చేతికి ఆమె మిషను కుట్టి కొనిచ్చిన వాచీ ఉంది. ఎంత ధీమాగా ఎత్తాడో!

ట్రే కింద పెట్టింది. మనుషుల మధ్యలోంచి నడిచి వెళ్లి, వాచీ పక్కన మణికట్టు పట్టుకుని కిందికి లాగింది.

"ఇది నాది. దించు."

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఏంది వదినా, తమాషానా?"

"అమ్మా సుకుమారీ," అన్నాడు పెంచలప్రసాద్ మెత్తగా, "ఇప్పుడే గదా మీ పేరు డైరెక్టరుకి..."

"మీ పదవి మీరే ఉంచుకోండన్నా. నేను దెబ్బలు తినింది మీ పోస్టరు కోసం కాదు. మా అమ్మ మేకల కోసం, మా ఊరి గడ్డి కోసం. నన్ను అడక్కుండా నా చేత్తోనే మా ఊరిని అమ్మతా ఉండారు. సిగ్గు లేదా మీకు?"

"లోపలికి పో. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు డేవిడ్‌రాజు పళ్లు కొరుకుతూ.

"తర్వాత ఏందయ్యా? అడగాల్సింది ఎత్తకముందు."

అప్పుడు ఓబులయ్య గొంతు సవరించుకున్నాడు. "మిగతా ఎడమ చేతులోళ్లు యాడుండారు నాయనా? వాళ్లకి తెలుసునా ఈ సంగతి?"

ఒకతను ఎడమ చెయ్యి మెల్లగా దించుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకొకతను సగం దించి, డేవిడ్‌రాజు వైపు చూసి, మళ్లీ ఎత్తాడు. కొందరు అసలు కదల్లేదు. చేతులు లెక్కబెడుతున్న పెంచలప్రసాద్ లెక్క తప్పింది. ఆయన చెమట తుడుచుకుని, "ముందు టీ తాగుదాం, తర్వాత చూద్దాం" అన్నాడు.

అందరి చూపూ అలవాటు కొద్దీ సుకుమారి వైపు తిరిగింది.

ఆమె ట్రే ముట్టుకోలేదు. వెళ్లి ఓబులయ్య పక్కన చాప మీద కూర్చుంది. కుడి చెయ్యి ఎత్తింది. అది చెవి దాకానే లేచింది, భుజం కలుక్కుమంది. అయినా దించలేదు.

"వ్యతిరేకం" అంది. "రాసుకోండి సహచరులారా. టీ ఎవురిది వాళ్లు పోసుకోండి."