ఉమ్మడి గోడ

పొద్దున లేవంగనె రుక్కమ్మ మొదలు టేపు పట్టి గది కొలుచుకుంటది. తర్వాతనే చాయ్. పక్కింట్ల అజ్రా బేగందీ అదే పని. రెండిండ్ల నడిమి గోడ వాళ్లు తిట్టుకున్నప్పుడల్ల వేలెడు మందం పెరుగుతది మరి. శంషాబాద్‌ల ఆ గల్లీకి ఇది కొత్త ముచ్చట కాదు. నెత్తి మీద విమానం పోతున్నప్పుడు తిట్టినా గోడకు వినిపిస్తది. పన్నెండేండ్ల తిట్లకు ఇద్దరి గదులల్ల ఇగ మంచం ఒక్కటే పడుతది.

అసొంటి ఇండ్లకు వీరేందర్ అనే ఆసామి బేరానికొచ్చిండు. రెండూ కొని ఒకటే ఇల్లు చేస్కుంటడట.

"ఇస్తే రెండూ ఇయ్యుండ్రి. ఒక్కటైతె నాకొద్దు," అని తెగేసి చెప్పిండు.

రుక్కమ్మకు కందుకూరుల చెల్లె దగ్గరికి పోవాలని ఉంది, అజ్రాకు అత్తాపూర్‌ల బిడ్డ మరియం దగ్గరికి. అమ్ముడుపోతే ఒకరి మొఖం ఒకరు సచ్చేదాక చూడక్కరలేదు. ఇంతకన్న ఏం గావాలె? సంతకాలయ్యేదాక నోరు మూసుకుంటమని ఇద్దరూ వీరేందర్ ముందట ఒట్టు పెట్టుకున్నరు.

తొమ్మిది రోజులు పండ్లు కొరుక్కుంట ఉన్నరు. పదోనాడు వాకిట్ల కుర్చీలేసి వీరేందర్ కాగితం చదివిండు. "రెండిండ్ల నడుమ ఉన్న ఉమ్మడి గోడ..."

"ఉమ్మడా?" రుక్కమ్మ లేచింది. "మా ఆయన ఇటుకిటుక మోసి కట్టిన గోడ!"

"ఝూట్! ఇరవై ఒక్క రోజు బిందెలతోని నీళ్లు కొట్టింది నేను!" అన్నది అజ్రా.

"కొట్టుకుంట కొట్టుకుంట నా జాగల జొచ్చినవ్, దొంగదానా!"

"నీ నోరు పడిపోను!"

"జర ఆగుండ్రి అక్కా!" అని వీరేందర్ మొత్తుకున్నడు. ఎవరింటరు? తొమ్మిది రోజులు ఆపుకున్న తిట్లన్నీ ఒక్కపారే బయటపడ్డయి. లోపల మంచాలు పటపట విరిగినయి. గోడ ఇటు రుక్కమ్మ తలుపుదాక, అటు అజ్రా తలుపుదాక వచ్చి ఆగింది. రెండిండ్లూ కలిసిపోయినయి. లోపల కాలు పెట్ట జాగ లేదు.

"గోడను కొని నేనేం చేస్కోవాలె?" అని వీరేందర్ కాగితం మడిచి బండెక్కిండు.

ఇల్లమ్మకుండ ఉత్త చేతులతో రావద్దన్నది రుక్కమ్మ చెల్లె. అజ్రా చేస్తే మరియం వాళ్ల అత్తగారు ఫోనే ఎత్తలేదు. గల్లీల కిరాయికి ఖాళీగున్నది ఒక్కటే అర్ర. గతిలేక ఇద్దరూ అండ్లనే చెరో మూలకు సాప పరిచిన్రు.

"నీ వల్లనే గద..." అని రుక్కమ్మ మొదలువెట్టిందో లేదో, సాపల నడుమ బండ పగిలి ఇటుక తలకాయ బయట వెట్టింది. ఇద్దరూ చూసిన్రు.

రుక్కమ్మ నోటిదాక వచ్చిన తిట్టును గుటకేసి మింగింది.

"చాయ్ తాగుతవా?" అన్నది, కోపంగనే.

"చక్కెర తక్కువెయ్యి," అన్నది అజ్రా, ఇంకింత కోపంగ.

ఇటుక అక్కడనే ఆగింది.