పెదవి వణికితే

లెక్కల బాబాయ్ పెన్సిల్ చెక్కుకుని, జారిన కళ్ళజోడు పైకి తోసుకుని అద్దం ముందు కూర్చున్నాడు. అవతలి గది ఆయనకు కనిపిస్తుంది, అక్కడివాళ్ళకు ఆయన కనిపించడు. పసిపిల్లల తీరును గమనించే ఈ పరిశోధన గదిలో పంతొమ్మిదేళ్ళుగా ఆయన పని ఒకటే. తల్లి బయటికెళ్ళాక బిడ్డ బొమ్మ పట్టుకుంటే ఒక గీత, తలుపు వైపు చూస్తే ఒక గీత. ఏడిస్తే మీట నొక్కాలి. వరండాలో దీపం వెలిగి, తల్లి లోపలికి పరుగెత్తుతుంది.

అట్ట అడ్డం పెట్టుకుని పక్క కుర్చీలో కొత్తమ్మాయి అదే బిడ్డ లెక్కను విడిగా రాస్తుంది. ఇద్దరి కాగితాలూ కలవాలి. నెలరోజులుగా కలవడం లేదు.

"మీకు వినిపించే ఏడుపు నాకెందుకు వినిపించదు బాబాయ్? నేను చెవుల్లో దూది పెట్టుకుని వస్తున్నాననుకుంటోంది మేడమ్."

"నీ చెవులు భేషుగ్గా ఉన్నాయిలే తల్లీ."

గొంతు వినపడితేనే ఏడుపని రూలు. ఆయనేమో పెదవి వణికితే చాలు, నొక్కేస్తున్నాడు. ఈ రోజూ తేడా వస్తే కుర్చీ వదలాలని, ఈ పరిశోధన నడిపే మేడమ్ నిన్ననే చెప్పింది.

పొద్దున ముగ్గురు పిల్లలకూ కాగితాలు కలిశాయి. మీట నొక్కే ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకుని నెగ్గుకొచ్చాడు. మధ్యాహ్నం పదినెలల పాప వచ్చింది, ఒక కాలికే మేజోడు. తల్లి వెళ్ళగానే మూసిన తలుపు వైపు చూసింది. గడ్డం ముడుచుకుంది. కింది పెదవి బయటికొచ్చి వణికింది. శబ్దం లేదు.

బాబాయ్ నొక్కేశాడు.

మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "పాప ఏడవనేలేదు బాబాయ్."

"ఏడవబోతోందమ్మా. చూస్తూ ఎలా ఊరుకోను?"

"మీరు ముందే నొక్కిన ముప్ఫై ఒక్కమంది లెక్కా ఇప్పుడు పనికిరాదు. వాళ్ళ బదులు ఇంకో ముప్ఫై ఒక్కమందిని పిలవాలి."

"అంటే నా మూలంగా ఇంకో ముప్ఫై ఒక్కమంది ఏడవాలా?"

ఆయన తనంతట తానే లేచాడు. అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, కొత్తమ్మాయి తల నిమిరి, "వస్తానమ్మా" అని తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

తర్వాతి బిడ్డను తీసుకొచ్చారు. కొత్తమ్మాయి ఆయన కుర్చీలోకి జరిగింది. ఎదురుగా అద్దం మీద, కూర్చున్న మనిషి నుదురు ఆనేంత ఎత్తులో, గుండ్రటి నూనె మరక.