దొరసాని కాలు ఇచ్చేదాకా

లాడాలాయన అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. మొహం చూడకపోయినా నడకను బట్టి పట్టేస్తారు. మీసం మొలవక ముందు నుంచీ లాడాలు కొట్టడానికి గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని వంగిన మనిషి కదా, నిలబడ్డా సగం వంగినట్టే ఉంటాడు. "ఏం పారేసుకున్నారని ఆ వెతుకులాట?" అని వాళ్ళావిడ రోజుకోసారైనా ఎగతాళి చేస్తుంది. ఆయన ఉలకడు, పలకడు. గుర్రాల దగ్గర గొంతు పెంచకూడదన్న అలవాటు ఇంట్లో కూడా బాగానే అక్కరకొచ్చింది.

ఆయన కోడలు జంతువుల డాక్టరు. జూలో ఉద్యోగం. ఒకరోజు సాయంత్రం ఇంటికి వచ్చి, భుజానున్న సంచీ కూడా దించకుండా ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మామయ్యా, మీరెప్పుడైనా జిరాఫీ గిట్టలు చెక్కారా?"

"జిరాఫీకా? లాడం కొట్టించి దాన్ని ఎక్కే మొనగాడెవడమ్మా?"

కోడలు నవ్వలేదు. దాంతో ఆయన కూడా నవ్వు మింగేశాడు.

సంగతేమిటంటే, జూలో ఒక పెద్ద ఆడ జిరాఫీ ఉంది. దాని హుందాతనం చూసి అందరూ దొరసాని అంటారు. దాని ముందు కాళ్ళ గిట్టలు పెరిగిపోయాయి. అడవిలో అయితే రాళ్ళ మీదా గట్టినేల మీదా తిరిగి తిరిగి వాటంతటవే అరిగిపోతాయి. ఇక్కడ మెత్తటి మట్టి, నాలుగడుగులు వేస్తే కంచె. ఒక్కో కాలికున్న రెండు గిట్టలూ కత్తెరలా ఒకదాని మీదికొకటి ఎక్కాయి. పాపం మడమల మీద నడుస్తోంది, కీళ్ళు వాచాయి.

"మత్తిచ్చి పడుకోబెట్టి చెక్కెయ్యచ్చుగా?"

"అదే భయం మామయ్యా. అంత పైనున్న తలకి రక్తం ఎక్కించే గుండె అది. దాన్ని పడుకోబెడితే ఏమవుతుందో ఎవరం చెప్పలేం. పడుకున్నది మళ్ళీ లేవకపోవచ్చు. మా పెద్ద డాక్టరు నెలాఖరు దాకా చూద్దాం అన్నారు. ఈలోపు నిలబడి ఉండగానే కాలు అందిస్తే సరే, లేదంటే మత్తే." కోడలు ఆయన చేతుల వైపు చూసింది. "మందివ్వడం నాకు తెలుసు. గిట్ట చెక్కే చెయ్యి మాత్రం మీది."

వంటింట్లోంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది. "తీసుకుపోవే తల్లీ! పొద్దస్తమానం గోళ్ళు కత్తిరిస్తానని నా పిల్లి వెంట పడుతున్నారు. దాని ప్రాణం కూడా కాస్త కుదుటపడుతుంది."

మర్నాడు పొద్దున్నే తోలు ముందుగుడ్డ, వంకరకత్తి, పెద్ద పట్కారు, అరగదీసే ఆకురాయి సంచీలో వేసుకుని వెళ్ళాడు. దొరసానిని చూసి గేటు దగ్గరే నిలబడిపోయాడు. బొమ్మల్లో చూడ్డం వేరు. ఎండిన చెరువు బీటలు వారినట్టు ఒళ్ళంతా మచ్చలు. చీపురు పుల్లలంత రెప్పవెంట్రుకలు. మెడ అట్లా పైకీ పైకీ వెళ్ళిపోయి, తల ఎక్కడో చెట్టు కొమ్మల్లో వేరే పనిమీద ఉంది.

"ఆ మెడలో ఎముకలు ఎన్నో తెలుసా? ఏడే. మన మెడలోనూ ఏడే" అంది కోడలు.

లాడాలాయన చెయ్యి తనకు తెలియకుండానే మెడ వెనక్కి పోయి తడుముకుంది.

దొరసానిని చూసుకునే మనిషిని నిచ్చెన అంటారు. మనిషి చూస్తే గుప్పెడంత. పొద్దస్తమానం నిచ్చెన మీదే ఉండి మేత అందిస్తాడు గనక ఆ పేరు. కంచె కింద ఒక కిటికీ కోసి, దాని ముందు కొయ్యదిమ్మ పెట్టి, "కాలు" అంటే కాలు దాని మీద పెట్టడం నేర్పాడు. పెడితే ఆకుల కొమ్మ ఇస్తాడు. బుద్ధి పుడితే పెడుతుంది, లేకపోతే లేదు.

"ఇవాళ ముట్టుకోకండి మామయ్యా. ఊరికే చూడండి."

"ఊరికే చూస్తానమ్మా."

నిజంగా చూద్దామనే కూర్చున్నాడు. "కాలు" అన్నాడు నిచ్చెన. పళ్ళెమంత గిట్ట మెల్లగా వచ్చి దిమ్మ మీద వాలింది. గిట్ట కళ్ళబడేసరికి ఆయన చెయ్యి ఆయన మాట వినలేదు. గుర్రానికి చేసినట్టే పిక్క మీంచి కిందికి నిమిరి, మడమ పైన నరాన్ని రెండు వేళ్ళతో పట్టి నొక్కింది. అలా నొక్కితే గుర్రం ఠపీమని కాలెత్తి ఒళ్ళో పెడుతుంది.

దొరసాని పెట్టలేదు. తన్నింది. దిమ్మ ఎగిరి అవతల పడింది, ఆయన చెవి పక్కనున్న కంచె చెక్క నిలువునా చీలింది. మరుక్షణంలో అది అవతలి కంచె దగ్గర, ఒళ్ళంతా వణుకుతూ ఉంది.

"పెద్దాయనా!" నిచ్చెన గబగబా కిందికి దిగి నెత్తి పట్టుకున్నాడు. "ఏడాదిగా బతిమాలి బామాలి నేర్పుకున్నాను. ఒక్క గిల్లుడుతో అంతా నీళ్ళపాలు చేశారు కదయ్యా!"

కోడలు వంగి చీలిన చెక్క పేళ్ళు ఏరసాగింది. అది చూసి ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని కెలుకుతున్నాడు. "గుర్రాలు తన్ని పక్కటెముకలు విరిగినప్పుడు కూడా ఇలా మొహం వేలాడేసుకోలేదు మీరు" అంది వాళ్ళావిడ.

"గుర్రం తన్నితే నామీద కోపమొచ్చి తన్నేది. ఇది భయపడి తన్నిందే. నన్ను చూసి ఒక జంతువు భయపడ్డం ఇదే మొదలు."

మర్నాడు ఎవరూ పిలవకుండానే వెళ్ళాడు. సంచీ తీసుకుపోలేదు. దొరసాని దిమ్మ వైపే రావడం లేదు. ఆయన కనపడితే అసలే రావడం లేదు. కంచెకు బాగా దూరంగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఎంతసేపని కూర్చుంటాడు? లేచి జూ అంతా కలియతిరిగాడు. జనం జంతువుల మొహాలు చూస్తారు. ఆయన చూపు మాత్రం కిందికే పోయింది.

ఏమి కాళ్ళు, ఏమి కాళ్ళు! ఏనుగు అంత బరువూ మునివేళ్ళ మీద మోస్తోంది, మడమ కింద దిండు లాంటి కొవ్వు పెట్టుకుని. అడుగు వేస్తే ఎండుటాకు కూడా చప్పుడు చెయ్యదు. ఒంటె పాదం అడుగు వేసినప్పుడల్లా రొట్టెలా పరుచుకుంటోంది. ఖడ్గమృగానికి మూడు వేళ్ళు. ఎలుగుబంటి అచ్చం మనిషిలా అరికాలు మొత్తం ఆనించి, చెప్పులు పోయిన పెద్దమనిషిలా నడుస్తోంది. నీటిగుర్రం దగ్గర ఆగి నాలుగు వేళ్ళు లెక్కపెట్టి, "నిన్ను గుర్రం అన్నవాడెవడో గాని, వాడు నీ కాళ్ళ కేసి చూడలేదు" అన్నాడు దానితో. చారల గుర్రం దగ్గర మాత్రం సొంత ఊరివాడు కనపడ్డట్టు ప్రాణం లేచొచ్చింది. ఒకే గిట్ట, గుండ్రంగా, గట్టిగా.

ఇంటికొచ్చి అవన్నీ పూసగుచ్చినట్టు చెప్తుంటే వాళ్ళావిడ చెంపన చెయ్యి పెట్టుకుని వింది. "ఊళ్ళో ఉన్న కాళ్ళన్నీ చూసొచ్చారు, బాగానే ఉంది. నా మడమల పగుళ్ళు ఏనాడైనా చూశారా?"

"ఏదీ, పెట్టు ఒళ్ళో."

"ఛీ, ఊరుకోండి! కోడలుంది."

జూ వెనక పాత మేడలో ఎముకల గది ఉంది. ఒక మధ్యాహ్నం కోడలు తన భోజన విరామంలో ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళింది. గుమ్మంలోనే రెండు నిలువుల ఎత్తున ఒక అస్థిపంజరం వెనక్కాళ్ళ మీద లేచి నిలబడి ఉంది. దాని గోళ్ళు ఆయన ఆకురాయి కంటే పొడుగు.

"ఇదెక్కడుందమ్మా? మన జూలో కనపళ్ళేదే."

"ఎక్కడా లేదు మామయ్యా. కొమ్మలకు వేలాడే స్లాత్‌కి పాతకాలపు చుట్టం ఇది. వీటి కులమంతా ఎప్పుడో అంతరించిపోయింది. ఆ గోళ్ళు అడ్డమని పాదాల అంచుల మీద నడిచేదిట."

"పాపం, గోళ్ళెవరు తీసేవారో."

"నేలే, తవ్వితే అరిగేవి."

ఆయన తలాడించి ముందుకు నడిచాడు. తిమింగలం ఈత రెక్కలో చూస్తే అయిదు వేళ్ళు, చేతితొడుగులో దాచినట్టు. గబ్బిలం రెక్కలో చూస్తే అవే వేళ్ళు, గొడుగు ఊచల్లా సాగి ఉన్నాయి. తన చెయ్యి అద్దానికి ఆనించి, ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసుకున్నాడు. ఒక్క చెయ్యే, ఒకరు ఎగరడానికి, ఒకరు ఈదడానికి, తనలాంటివాడు సుత్తి పట్టడానికి.

"ఇటు రండి, మీ వాళ్ళని చూపిస్తా" అంది కోడలు.

అద్దాల పెట్టెలో కుక్కంత జంతువు ఎముకలు. "ఇది గుర్రం మామయ్యా. కోట్ల ఏళ్ళ కిందటిది."

"వేళాకోళమా? మూడు వేళ్ళున్నాయి దీనికి."

"ఉన్నాయి. పక్కది చూడండి."

పక్క పెట్టెలోది కాస్త పెద్దది. నడిమి వేలు లావెక్కింది. రెండు పక్కవేళ్ళూ నేలకు అందకుండా వేలాడుతున్నాయి. దాని పక్కన ఇప్పటి గుర్రం కాలు. ఒక్కటే వేలు, ఒక్కటే గిట్ట. అయితే గిట్ట పైనున్న పొడుగాటి ఎముకకు అటూ ఇటూ సన్నటి పుల్లలు అంటుకుని ఉన్నాయి, కిందికొచ్చేసరికి మొన తేలి ఆగిపోయాయి.

లాడాలాయన బొటనవేళ్ళు రెండూ గాలిలో కదిలాయి. ఆ పుల్లలు ఆయనకు తెలుసు. కుంటే గుర్రాన్ని తెస్తే మొదట తడిమేది అక్కడే. ఏదో బలం కోసం వేసిన బద్దలు అనుకునేవాడు.

"ఇవి... ఆ పక్కవేళ్ళే కదూ?"

"ఆ పక్కవేళ్ళే. అవి పోగా మిగిలినవి."

ఆయన అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఎన్ని వందల కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడో. ప్రతి కాల్లోనూ అంత పాత చుట్టం దాక్కుని ఉందా! తను చూసిన పోటీ గుర్రాలన్నీ, బండి గుర్రాలన్నీ ఒక్కొక్క కాలికి ఒక్క నడిమి వేలి కొన మీద పరిగెత్తాయన్న మాట. కోడలికి కనపడకుండా ముక్కు చీదుకున్నాడు.

కాసేపటికి, "అమ్మాయ్, గుర్రం కాలెందుకిస్తుంది నాకు?" అన్నాడు.

"అలవాటు."

"దానికొక్కదానికేనా? దాని తల్లికీ, తల్లి తల్లికీ, ఎన్ని తరాలో, మనుషులతో కాపురం చేశాయి. మా మధ్యన ఒక మాట ఉంది. ఈ దొరసానికి నేనెవర్ని? దాని వంశంలో ఎవరూ మనకి ఏ మాటా ఇవ్వలేదు. పోయి కాలు పట్టుకుంటే సింహం పట్టుకున్నట్టే ఉండి ఉంటుంది."

ఆ మర్నాడు తోలుగుడ్డ వాసన తగలకుండా ఉతికిన చొక్కా వేసుకుని, ఒక కర్రమొద్దు, ఆకురాయి పట్టుకెళ్ళాడు. దూరంగా పీట మీద కూర్చుని మొద్దును ఆకురాయితో రాయడం మొదలుపెట్టాడు. గరగర, గరగర. ఎవరి వైపూ చూడడు. దొరసాని చెవులు రెండు వైపులా తిరిగాయి. రోజూ పీటను కాస్త ముందుకు జరిపేవాడు.

"పెద్దాయనా, ఆ మొద్దుకి లాడం కొడతారా ఏంటి?" అనేవాడు నిచ్చెన.

"కొడతా. ఎక్కి ఊరేగుదువుగాని."

ఒకరోజు రాస్తుంటే నెత్తి మీద తడిగా, గరుగ్గా ఏదో పాకింది. ఆయన కదల్లేదు. సిరా తాగినట్టు నల్లటి నాలుక బట్టతలను అటునుంచి ఇటు తుడిచి, చెవి చుట్టూ ఒక చుట్టు చుట్టి, పైకి వెళ్ళిపోయింది.

"ఉప్పగా ఉన్నట్టున్నారు" అన్నాడు నిచ్చెన మెల్లగా. ఆ మాటలో కోపం లేదు.

అయినా కాలు మాత్రం ఇవ్వలేదు. నెలాఖరు వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే మత్తు అని పెద్ద డాక్టరు చెప్పారు. మధ్యాహ్నానికి తాళ్ళూ పరుపులూ తెచ్చి షెడ్డు గోడకు ఆనించారు. కోడలు వాటి వైపు చూడకుండా మందు సీసాలు సర్దుకుంటోంది. సర్దిన సీసానే మళ్ళీ సర్దడం లాడాలాయన చూశాడు.

పీట తీసుకుపోయి కిటికీ పక్కనే వేసుకున్నాడు, చేతిలో ఇమిడే పట్కారు ఒకటి పీట కింద పెట్టుకున్నాడు. మొద్దును దిమ్మ మీద పెట్టి కాసేపు రాశాడు. తర్వాత మొద్దు తీసేసి, వట్టి దిమ్మనే రాశాడు. నిచ్చెన కొమ్మ పట్టుకుని నిలబడ్డాడు గాని "కాలు" అని అనడానికి ధైర్యం చాల్లేదు.

దొరసాని వచ్చింది. దిమ్మను వాసన చూసింది. ఒక కాలెత్తింది, దించింది. మళ్ళీ ఎత్తి, అబ్బ, ఎంత నెమ్మదిగా, దిమ్మ మీద పెట్టింది. నిచ్చెన కొమ్మ పైకి అందించాడు.

ఆయన చేతులు గిట్టవైపు ఉరికాయి. ఈసారి వాటిని ఆపుకున్నాడు. ఎడమ చేతిని తీసి వీపు వెనక పెట్టేసుకున్నాడు. కుడిచేత్తో ఆకురాయిని గిట్ట అంచున ఆనించి, మొద్దును రాసినంత బరువుతోనే ఒక్కసారి రాశాడు. గరగర. పైన ఆకులు నమిలే చప్పుడు ఆగింది. ఆయన ఆకురాయి కదపలేదు. మళ్ళీ నమలడం మొదలైంది.

చాలాసేపు అలాగే, ఒంటి చేత్తో. పట్కారుతో మొదటి కొన కటుక్కున తెగినప్పుడు దొరసాని కాలు లాగేసుకుంది. ఎవరూ పిలవలేదు, బతిమాలలేదు. దానంతటదే తెచ్చి పెట్టింది. మెలిపడ్డ కొనలు రెండూ తెగి, కత్తెర విడిపోయి, రెండు గిట్టలూ పక్కపక్కన కుదురుగా కూర్చున్నాయి. లోపలి గోరు కొత్తగా, పాలరంగులో మెరిసింది.

దొరసాని కాలు దించింది. నేలకు ఆనగానే ఆగింది. పైన ఎక్కడో ఉన్న ఆ తల మెల్లమెల్లగా కిందికి దిగివచ్చి, తన కాలిని తనే చూసుకుంది. ఆ తర్వాత నడిచింది. ఒక వైపు కాళ్ళు రెండూ కలిపి, మరో వైపు రెండూ కలిపి, పడవ ఊగినట్టు ఒక చుట్టు తిరిగింది. చెక్కిన పాదం పూర్తిగా పరుచుకుని పడుతోంది. చెక్కనిది ఇంకా మడమ మీదే తడబడుతోంది.

"ఆ తాళ్ళూ పరుపులూ తీసేయించెయ్" అంది కోడలు నిచ్చెనతో. మందు సీసాలు తిరిగి సంచీలో వేసేసుకుంది.

లాడాలాయన పీట మీంచి లేవబోయి లేవలేకపోయాడు. నడుం బిగుసుకుపోయింది. కోడలు వచ్చి రెక్క పట్టుకుంది. ఈలోగా చుట్టు పూర్తిచేసిన దొరసాని కిటికీ దగ్గరికొచ్చి ఆగింది. నిచ్చెన చేతిలో కొమ్మ లేదు, ఆకూ లేదు. ఎవరూ ఏమీ అడగలేదు. రెండో కాలెత్తి దిమ్మ మీద పెట్టింది.

"రేపు చూద్దాం మామయ్యా, మీరిక వంగలేరు. కాస్త ఆగండి."

"ఆగమని దానికి చెప్పమ్మా" అన్నాడు ఆయన, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని ఆకురాయి అందుకుంటూ.