నా కేసు రాయండి

అప్పలసూరి ఒకచోట కుదురుగా కూర్చోవడం అతని పెళ్ళాం తాయారు పదకొండేళ్ళ కాపురంలో ఒక్కసారీ చూడలేదు. అన్నం పళ్ళెం చేత్తో పట్టుకుని ఇంట్లోంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి ఇంట్లోకీ తిరుగుతూ తినేవాడు. సినిమాకెళ్తే వీపు గోడకి ఆనే చివరి వరసే కావాలి. అది దొరక్కపోతే టిక్కెట్లు జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేసేవాడు. "కాల్లకి సెక్రాలున్నాయేటి మావా నీకు?" అని ఆమె విసుక్కుంటే నవ్వి ఊరుకునేవాడు. ఓడలు రిపేరు చేసే కాంట్రాక్టరు దగ్గర వెల్డరు. పనిమంతుడు, తాగడు, చెయ్యెత్తడు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఆ రెండు గదుల ఇంట్లో అంతకంటే ఏం కావాలని తాయారు సరిపెట్టుకుంది.

2003 జూలైలో ఒక ఆదివారం ఆమె జాకెట్టు కొలతల కోసం పాత పేపరు నేలమీద పరిచి కత్తిరిస్తోంది. అటూ ఇటూ తిరుగుతున్న అప్పలసూరి ఆమె పక్కన ఆగిపోయాడు.

"కత్తెర ఆపు."

పేపర్లో శాలువా కప్పుకున్న ముసలాయన ఫొటో ఉంది. జిల్లాలో పిల్లల సంక్షేమం చూసే సంఘానికి సీతారామాంజనేయులు మాస్టారిని సలహాదారుగా వేశారని కింద రాశారు. అప్పలసూరి ఆ కాయితం లాక్కుని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. ఎక్కడికి వెళ్ళావంటే చెప్పలేదు.

అతని తండ్రి వేటకెళ్ళిన తెప్ప తిరిగిరాని ఏడాది అతనికి ఎనిమిదేళ్ళు. తల్లి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్టుకి నడిచేది. జాలారి పిల్లలకి తిండి పెట్టి చదువు చెప్పే హాస్టలుందని ఎవరో చెబితే, తొమ్మిదో ఏట కొడుకుని తీసుకెళ్ళి అక్కడ దింపింది. ఆ హాస్టలుకి వార్డెను సీతారామాంజనేయులు. చదువు చెబుతానని పిల్లల్లో ఒకణ్ణి తన గదికి పిలిచేవాడు. ఆ రోజు ఎవరిని పిలుస్తాడో ముందు తెలిసేది కాదు. తలుపు చప్పుడైతే చాలు, ఇరవై మంది పిల్లలూ ఊపిరి బిగబట్టేవారు. అప్పలసూరి మూడేళ్ళు అక్కడున్నాడు. పన్నెండో ఏట పారిపోయి వచ్చి, తల్లితో చదువు అబ్బలేదని మాత్రం చెప్పాడు. ఆవిడ చీపురుకట్ట తిరగేసింది. ఏం జరిగిందో తెలియకుండానే ఆవిడ పోయింది కూడా.

పేపరు చూసిన మర్నాడు అతను పనికి సెలవు పెట్టి పోలీస్ స్టేషనుకి వెళ్ళాడు. హెడ్ కానిస్టేబుల్ రమణమూర్తి తెల్లకాయితం తీసి, పేరూ ఊరూ రాసుకుని, "ఎప్పుడు జరిగింది?" అనడిగాడు.

"డెబ్బై తొమ్మిది నుంచి ఎనభై రెండు దాకా."

కలం ఆగింది. "ఏటి బావ, ఇరవయ్యేల్ల నాటి మాటా? ఎప్పుడో గడువు దాటిపోనాది. పెద్ద మనిసి మీద ఇలటివి రాయకూడదు. ఎల్లు, ఎల్లి పని సూసుకో."

అప్పలసూరి మళ్ళీ వెళ్ళాడు. మూడోసారీ వెళ్ళాడు. మూడోసారి ఎస్సై ఉదయ్‌కుమార్ తలుపు దగ్గరే ఆపి, "ఇంకోసారి గడప తొక్కావంటే లోపలే ఉంచేస్తాను" అన్నాడు.

ఆ మర్నాడు అప్పలసూరి వెల్డింగు రాడ్ల అట్టపెట్టె చింపి, దాని మీద నల్లరంగుతో ఇలా రాశాడు: "తొమ్మిదేళ్ళ వయసులో హాస్టల్లో నాకు అన్యాయం జరిగింది. చేసినవాడు సీతారామాంజనేయులు. నా కేసు రాయండి." ద్వారకా నగర్‌లో హాస్టలు ట్రస్టు ఆఫీసు ఉంది. దాని ఎదురు ఫుట్‌పాత్ మీద, గోడకి వీపు ఆనించి, అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కూర్చోవడమే అతనికి అన్నిటికంటే కష్టమైంది. ఓడ అడుగున ఇనప గదిలో, నిప్పురవ్వల మధ్య కూడా అంత చెమట పట్టలేదు. లేచి పరిగెత్తాలనిపించినప్పుడల్లా రెండు అరచేతులూ సిమెంటు పలకకి అదిమిపెట్టేవాడు. కోచింగ్ సెంటర్ల పిల్లలు గుంపుగా వస్తూ అట్ట చదివి, ఒకరి మొహాలొకరు చూసుకుని అడుగు వేగం పెంచేవారు. ఒకాయన వంగి, "ఆడపిల్లకి జరిగిందా బాబూ?" అనడిగాడు. "నాకేనండి" అంటే, చటుక్కున నిటారై వెళ్ళిపోయాడు.

రెండోరోజు ఒక ఆటో వచ్చి ఎదురుగా ఆగింది. డ్రైవరు దిగలేదు. చాలాసేపు చూసి, చివరికి దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. బట్టతల, నెరిసిన మీసం. అయినా ఎడం కనుబొమ్మ మీది మచ్చ చూసి అప్పలసూరి గుర్తుపట్టాడు. హాస్టల్లో పక్క చాప మీద పడుకున్న కన్నబాబు.

"ఎందుకొరే ఇదంతా?" అన్నాడు కన్నబాబు. "నా కూతురికి సమ్మందం కుదిరింది. నీ పక్కనున్నోలెవులని ఆరా తీస్తే నా పేరు కూడా వొస్తాది. ఒగ్గేయిరా. నీ కాల్లట్టుకుంటాను."

"నాను నీ పేరు సెప్పను."

"నువ్వు సెప్పకపోనా..." కన్నబాబు లేచాడు. ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

మూడోరోజు పదింటికి జీపు వచ్చింది. ఉదయ్‌కుమార్ దిగి, బూటుకాలితో అట్టని తన్నాడు.

"లే."

"సార్, నాను ఎవుల్నీ ఏటీ అన్నేదు. దారికి అడ్డం కూడా రానేదు. కూకున్నానంతే."

ఇద్దరు కానిస్టేబుళ్ళు కాలరు పట్టుకుని ఈడ్చారు. చొక్కా వీపు మీద నిలువునా చిరిగింది. కోచింగ్ పిల్లలు చూస్తుండగానే అతన్ని జీపు వెనక పడేశారు.

స్టేషన్లో చిరిగిన చొక్కా, ప్యాంటూ విప్పించి డ్రాయరు మీద నిలబెట్టారు. ఉదయ్‌కుమార్ కుర్చీ ముందుకి లాక్కుని, కాలు మీద కాలేసుకున్నాడు. "మగాడివి కదరా, నీకేం జరిగింది? చెప్పు. అందరం వింటాం." ఎవరో నవ్వారు. అప్పలసూరికి ఆ గది గోడలు మారిపోయినట్టయింది. ముప్ఫై మూడేళ్ళ మనిషి తొమ్మిదేళ్ళ పిల్లాడిలా రెండు చేతులూ ఒంటికి చుట్టుకున్నాడు.

"మాట్లాడవా? అయితే కాళ్ళు పట్టండి."

పట్టింది రమణమూర్తి. బోర్లా పడుకోబెట్టి, రెండు చీలమండలూ కలిపి పైకెత్తి పట్టుకున్నాడు. లాఠీ అరికాళ్ళ మీద పడుతుంటే మొహం పక్కకి తిప్పుకున్నాడు కానీ పట్టు మాత్రం వదల్లేదు.

పన్నెండు దాటాక తాయారుని పిలిపించారు. ఆమె కుట్టుమిషను మీద నుంచి లేచింది లేచినట్టే, చీరకి దారప్పోగులతో వచ్చింది. మొగుడు పనిలోకి వెళ్తున్నాడనే ఆ మూడు రోజులూ అనుకుంది. ఉదయ్‌కుమార్ ఒక కాయితం ముందుకి తోసి, ఆమెకి చదువు రాదనుకుని తనే పైకి చదివాడు. "నా భర్తకు చాలాకాలంగా మతి స్థిమితం లేదు. చిన్నతనంలో హాస్టల్లో వార్డెను తనను పాడుచేశాడని ఊహించుకుని, గౌరవనీయుల మీద నిందలు వేస్తున్నాడు. ఇకమీదట ఇంట్లో కట్టడి చేస్తాను."

తాయారు విన్నది. చువ్వల వెనక మోకాళ్ళలో తల దాచుకున్న మనిషిని చూసింది. పళ్ళెంతో వాకిట్లో తిరగడం, సినిమాహాల్లో చివరి వరస, తలుపు గెడ వేసి మళ్ళీ మళ్ళీ లాగి చూడటం, పదకొండేళ్ళుగా తనకి అంతుపట్టనివన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. బల్ల అంచు పట్టుకుంది.

"సంతకం పెట్టి తీసుకుపో. కేసు లేకుండా వదిలేస్తాను."

"మా మావకి పిచ్చి నేదు సార్."

"చూడమ్మా—"

"ఊహ కూడా కాదు. నాను ఎట్టను సంతకం. మీరేటి సేసుకుంతారో సేసుకోండి." ఆమె చువ్వల దగ్గరికెళ్ళి, తన పైట చెంగు లోపలికి దూర్చి, అతని భుజం మీద పడేలా విసిరింది. కట్టుకున్నది విప్పివ్వలేక, అందినంత మేర కప్పి అలాగే నిలబడింది. వెళ్ళమన్నా వెళ్ళలేదు.

ఉదయ్‌కుమార్‌కి దారిలేక, బహిరంగ స్థలంలో అల్లరి చేశాడని చిన్న కేసొకటి రాసి, సాయంత్రం నాలుగింటికి కోర్టుకి పంపాడు. దారిలో రమణమూర్తి చెవిలో చెప్పాడు: "జడ్జీ అమ్మగారు పోలీసులు కొట్టేరా అనడుగుతారు. నేదని సెప్పు. ఔనన్నావంటే మల్లీ మా సేతికే వొస్తావు బావ."

మేజిస్ట్రేటు కాయితాల మీంచి తలెత్తకుండానే అడిగింది. "పోలీసుల మీద ఏమైనా ఫిర్యాదు ఉందా?"

బోనులో నిలబడలేక అప్పలసూరి కటకటాలకి వేలాడుతున్నాడు. వెనక గుమ్మం తెరిచి ఉంది. అటు వీపు పెట్టినందుకు మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పారిపోవాలనే ఉంది. కానీ ఆ కాళ్ళు పారిపోయే స్థితిలో లేవు.

"ఉందమ్మా" అన్నాడు. ఒక కాలు మడిచి అరికాలు చూపించాడు.

ఆవిడ కలం పక్కన పెట్టి, లేచి వచ్చి చూసింది. స్టూలు తెప్పించి కూర్చోమంది. "అసలు ఆ ఫుట్‌పాత్ మీద ఎందుకు కూర్చున్నావు?" అని అడిగింది. స్టేషన్లో నోరు పెగలని మనిషి అక్కడ ముక్కలుముక్కలుగా, నీళ్ళు తాగి తాగి, అంతా చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. నవ్వినవాళ్ళు లేరు. చెప్పడం అయ్యాక అతను ఆ గుమాస్తా వైపే చూస్తూ, "రాసేరా బాబూ?" అని రెండుసార్లు అడిగాడు.

ఆవిడ అతన్ని పెద్దాసుపత్రికి పంపి గాయాల సర్టిఫికెట్ తెప్పించింది. ఎస్సై మీద విచారణకి ఆర్డరేసింది. ఉచితంగా వాదించడానికి వచ్చిన అనూరాధ అనే లాయరమ్మ చెప్పిన మొదటి మాటకి అప్పలసూరి తెల్లబోయాడు. అంత పెద్ద నేరానికి గడువనేదే లేదట. స్టేషన్లో చెప్పింది అబద్ధమో, తెలియనితనమో. ఏమైతేనేం, మాస్టారి మీద కేసు రాయక తప్పలేదు. ఆ వారంలోనే సలహాదారు పదవి పోయింది.

కాళ్ళు మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ దసరాలకి పూర్ణా మార్కెట్టులో కూరగాయల సంచితో రమణమూర్తి ఎదురుపడ్డాడు. పక్కకి తప్పుకోబోయి, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు.

"ఆ దినం నీ కాల్లట్టుకున్నది నానే బావ. అన్నం దిగట్లేదు. నన్ను..."

"నాకు సెప్పకండి" అన్నాడు అప్పలసూరి. చుట్టూ జనం తోసుకుంటుంటే వెనక్కి జరిగి కొట్టు గోడకి వీపు ఆనించాడు. "నాను మిమ్మల్ని ఏటీ అనను, ఏటీ ఇవ్వను. ఆ మాట ఎంక్వైరీలో సెప్పండి."

రమణమూర్తి చెప్పాడు. అలాగని లోకం తలకిందులైపోలేదు. ఉదయ్‌కుమార్‌కి కొన్నాళ్ళు సస్పెన్షను, తర్వాత వేరే జిల్లాకి బదిలీ. అంతే.

మాస్టారి కేసు నాలుగేళ్ళు నడిచింది. సాక్ష్యం చెప్పే రోజు కన్నబాబు పిలవకుండానే వచ్చాడు. కూతురికి కుదిరిన సంబంధం అప్పటికే తప్పిపోయింది. ఆ పిల్లే తండ్రి చెయ్యి పట్టుకుని కోర్టు మెట్లెక్కించింది. అతని వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. 2007లో ఏడేళ్ళు శిక్ష పడింది. మాస్టారు హైకోర్టుకి వెళ్ళి మూడు నెలల్లో బెయిలు మీద బయటికొచ్చాడు. అప్పలసూరి పేపర్లో ఆ ముక్క చదివి, నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పనిచేశాడు.

అయిదోరోజు సాయంత్రం తాయారు మిషను ఆపి అడిగింది. "తొమ్మిదేల్లకి ముందు నువ్వెలగుండేవోడివి మావా?"

పోలీసులు, డాక్టర్లు, లాయర్లు, జడ్జీలు, అందరూ అడిగింది తొమ్మిదో ఏటి తర్వాతి సంగతే. అంతకుముందు కూడా తనకో బతుకు ఉందని అతనికే గుర్తులేదు.

"మా అయ్య..." అని మొదలుపెట్టి ఆగాడు. "మా అయ్య ఈత నేర్పుతానని తెప్ప మీంచి నన్ను సముద్రంలోకి ఇసిరేసేడు. ఉప్పునీల్లు తాగేసి, ఏడిసి, మల్లీ పైకి లాగినప్పుడు ఆయన సెవి కొరికేసేను. నెత్తురొచ్చినాది."

"ఓలమ్మా! కొట్టేడా?"

"నేదు. నవ్వేడు. ఊరంతా తిరిగి సెవి సూపించేడు, నా గుంటడు సొరసేప అని."

తాయారు పకపకా నవ్వింది. దారప్పోగులు దులుపుకుని, గోడకి జేరబడి, "తరవాత?" అంది.